తూముకు మూత

1వ రోజు
తొట్టి: 810 లీటర్లు. తూము: సున్న.

సున్న అని రాసి, దాని చుట్టూ ఇంకోసారి కలం తిప్పాను. సంతోషానికే. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో కాపురం చేస్తున్నాను. తూములోకి చుక్క నీళ్లు పోకుండా ఒక రోజు గడవడం ఇదే మొదలు. సాయంత్రం పాత సత్తుమూత ఒకటి తెచ్చి తూము మీద బోర్లించి, దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టాను. కోడలు హంపమ్మ చూసి, తూముకు సమాధి కట్టావా అత్తా అని నవ్వింది. నవ్వనీ.

ఈ పుస్తకంలో నీళ్ల సంగతే రాయాలని కాలనీ నియమం. పురిటి తొట్టి నింపే ప్రతి ఇల్లూ రాయాల్సిందే. కాన్పు నాటికి తొట్టిలో పన్నెండు వందల లీటర్లు ఉండాలి. బిడ్డకు ఏడాదికి సరిపోయే నీళ్లన్నమాట. అవి ఉంటే బిడ్డ ఇంటికి వస్తుంది. లేకపోతే తొట్టి నిండేదాకా కాలనీ శిశుశాలలోనే పెరుగుతుంది, తల్లి రోజుకొకసారి వెళ్లి గాజు అవతల నుంచి చూసి రావాలి. హంపమ్మకు ఎనిమిదో నెల. ఇంకో నలభై అయిదు రోజులని డాక్టరమ్మ చెప్పింది.

మా ఇద్దరికీ కలిపి రోజుకు వచ్చేది ఇరవై లీటర్లు. ఇంట్లో వాడేది పది. మిగతా పది తొట్టిలోకి పోతాయి. పదితో ఎలా గడుస్తుందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు సిగ్గేం లేదు. బియ్యం కడిగిన నీళ్లతో ఆకుకూర కడుగుతాను. ఆ నీళ్లతో గిన్నెలు, గిన్నెల నీళ్లతో నేల, నేల తుడిచిన నీళ్లు డబ్బాల్లో ఉన్న కరివేపాకుకీ మిరప మొక్కలకీ. స్నానం తడిగుడ్డతో, ఆ గుడ్డ పిండిన నీళ్లు బట్టలకు. మరుగుదొడ్లు ఇక్కడ అందరివీ పొడివే. మొక్కల ఊపిరి, మా ఊపిరి, అన్నం ఆవిరి కలిసి తెల్లవారేసరికి బయటి గోడకు చెమటలా పడతాయి. బయట ఈ ఎర్రగ్రహం చలికి ఆ గోడ గడ్డ కట్టినట్టుంటుంది. నూలుగుడ్డతో గోడంతా తుడిచి బకెట్లోకి పిండితే రెండు లీటర్లు. దీన్ని నేను గోడ పిండడం అంటాను. ఈ కాలనీలో ఈ పని కనిపెట్టింది నేనే. ఎవరూ రాయరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

3వ రోజు
తొట్టి: 830. తూము: సున్న.

నీళ్ల లెక్క చూపే గోడపెట్టె మీద తెల్లదీపం పోయి పసుపుదీపం వచ్చింది. ముందు దుమ్ము పట్టిందేమోనని తుడిచాను. అప్పుడూ పసుపే. కింద అక్షరాలు నడుస్తున్నాయి: "ఈ ఇంట్లో మనుషులు లేరు. తూము ఎండిన రోజు నుంచి నలభై రోజులు ఇలాగే ఉంటే తలుపు మూసి, గొట్టం కట్టి, తొట్టి ఉమ్మడి చెరువులో కలుపుతాం."

నేను ఆ అక్షరాల ముందే నిలబడి చదివాను. చేతిలో గరిటె కూడా ఉంది.

4వ రోజు
తొట్టి: 840. తూము: సున్న.

పంపకం ఆఫీసుకు వెళ్లాను. కాలనీ నీళ్లన్నీ పంచే యంత్రాన్ని మేమంతా పంపకం అనే పిలుస్తాం. దాని దగ్గర గుమాస్తా బసిరెడ్డి. మనిషి మంచివాడే, లేవడానికే బద్ధకం. నన్ను చూడగానే టీ తెప్పిస్తానన్నాడు. వద్దు, ఆ నీళ్లు ఎవరి ఖాతాలోవో అన్నాను.

సంగతేమిటంటే, పంపకానికి ఇళ్లలో కన్నూ లేదు, చెవీ లేదు. మొదట వచ్చిన పెద్దలు అలా పట్టుబట్టి రాయించుకున్నారు, మా కాపురాలు యంత్రం చూడకూడదని. అది వాళ్ల గొప్పతనం, నేను తప్పు పట్టను. కాబట్టి దానికి తెలిసే దారి తూము ఒక్కటే. మనిషికి రోజుకు మూడు లీటర్లయినా తూములోకి పోతే మనుషులున్నట్టు. పోకపోతే లేనట్టు.

"కుళ్లాయక్కా, నువ్వు నా ఎదురుగానే ఉండావు. నాకు కనపడతాండావు," అన్నాడు బసిరెడ్డి. "దానికి కనపడల్ల కదా."

"అయితే దానికి నువ్వు చెప్పు."

"ఒక ఇంటి గురించి నా మాట వినదు. వరసలో సగానికి మించి ఇండ్లు మూడు దినాలు ఎండితే, గొట్టం పగిలిందనుకుంటాది. అప్పుడే మనిషిని పంపుతాది. ఆ మనిషి రాసింది నమ్ముతాది. ఒక ఇల్లు ఎండితే ఖాళీ ఇల్లనే అనుకుంటాది."

ఉపాయం కూడా అతనే చెప్పాడు. రోజుకు ఆరు లీటర్లు ఊరికే తూములో పొయ్యాలి. వరసగా ఇరవై రోజులు పోస్తే దీపం తెల్లబడుతుంది. నేను అక్కడే వేళ్ల మీద లెక్కేశాను. నూట ఇరవై లీటర్లు. అన్ని నీళ్లు పోస్తే కాన్పు నాటికి తొట్టి నిండదు. బిడ్డ గాజు అవతలికి పోతుంది. పొయ్యకపోతే నలభై ఒకటో రోజున తొట్టే పోతుంది, ఇల్లూ పోతుంది.

పైగా తూములో పోసిన పది లీటర్లు శుద్ధి అయి వచ్చేసరికి ఏడే అవుతాయి. మూడు ఎటు పోతాయో ఎవరికీ తెలియదు. ఆ మూడూ పోనివ్వని ఇల్లు ఈ కాలనీలో మాదొక్కటే. దాన్ని పట్టుకుని మనుషుల్లేరంటుందా? ఇంటికొచ్చేదాకా నా కోపం దిగలేదు.

9వ రోజు
తొట్టి: 890. తూము: సున్న.

వరసలో తెలిసిపోయింది. మా ఏడో వరసలో పదకొండు ఇళ్లు, ఒక గోడకు తుమ్మితే ఇంకో గోడ వింటుంది. దుకాణం దగ్గర ఎవరో, పిసినారితనం ముదిరి బతికుండగానే లెక్కలోంచి పోయిందని అన్నారట. హంపమ్మ చెప్పింది. దానికి నవ్వాలో ఏడవాలో తెలియనట్టు ముఖం పెట్టుకుని చెప్పింది.

నేను పిసినారినే. మా అవ్వకు అవ్వ పాతభూమి మీద పెన్న ఇసుకలో చెలమ తవ్వి, అది ఊరేదాకా కూర్చుని, కడవ నింపుకుని రెండు మైళ్లు నడిచిన మనిషి. నీళ్లు లేని చోట బతకడం తెలిసినవాళ్లనే కదా మమ్మల్ని ఇక్కడికి ముందు పంపింది. ఆ సంగతి వీళ్లంతా మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

12వ రోజు
తొట్టి: 920. తూము: సున్న, పోట్లాట తర్వాత కూడా.

నా కొడుకు ఓబులేసు మంచుగని నుంచి సెలవుకు వచ్చాడు. వాడి వాటా నీళ్లు గనిలోనే ఇస్తారు. ఇంటికి వచ్చేముందు అక్కడే స్నానం చేసి వస్తాడు, నా పెంపకం. పసుపుదీపం చూసి వాడి మొఖం పాలిపోయింది. పొత్రం పక్కన పెట్టి, తూము మూత తీసి, చెంబు చేతికి తీసుకున్నాడు.

నేను వెళ్లి తూము మీద కూర్చున్నాను. వేరే దారి తోచలేదు.

వాడు చాలా చెప్పాడు. ఇల్లుంటే నీళ్లు ఎప్పుడైనా పోగేసుకోవచ్చన్నాడు. కొన్ని నెలలు బిడ్డ శిశుశాలలో ఉంటే ఏమవుతుందన్నాడు. అదే మాట హంపమ్మ వైపు తిరిగి చెప్పమన్నాను. వాడు తిరగలేదు. చెంబు కింద పెట్టాడు. నేను లేచేసరికి నడుం పట్టేసింది.

15వ రోజు
తొట్టి: 950. తూము: సున్న.

ఈ రోజు హంపమ్మ అడిగింది. గట్టిగా అడగలేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"అత్తా, ఒకటి చెప్పు. తూము ఎండాలని నీ పట్టుదలా, బిడ్డ ఇంటికి రావాలనా? రెండిట్లో ఏది ముందు?"

బిడ్డే అన్నాను. వెంటనే అన్నాను. కానీ ఆ ప్రశ్న దానికి ఎందుకు వచ్చిందా అని రోజంతా గిలగిలలాడాను. అది నా మాట నమ్మిందో లేదో తెలియదు. నమ్మకపోతే తప్పు దానిది కాదు. ఇన్నేళ్లు ప్రతి చుక్కకూ గొప్పలు చెప్పుకున్నది నేనే.

16వ రోజు
తొట్టి: 960. తూము: సున్న.

తెల్లవారి గోడ పిండుతుంటే బసిరెడ్డి మాట గుర్తొచ్చింది. గుడ్డ చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఒక ఇల్లు ఎండితే ఖాళీ ఇల్లు. సగానికి మించి ఎండితే గొట్టం పగిలినట్టు. పదకొండులో ఆరు. మాది పోగా అయిదు. మూడు రోజులు చాలు, వాళ్లకేమీ నష్టం లేదు. పైగా మిగిలిన నీళ్లకు దుకాణంలో చక్కెర ఇస్తారు, బట్ట ఇస్తారు.

ఆ ముసలి యంత్రానికి మనిషిని పంపే బుద్ధి ఒకటుంది. దాన్ని వాడుకోవాలి, అంతే. మోసం ఏమీ లేదు. తూములు నిజంగానే ఎండుతాయి.

హంపమ్మకు చెప్పాను. అది చేతిలో పని ఆపి, మొదటి ఇంటికి నేనూ వస్తానంది.

24వ రోజు
తొట్టి: 1040. తూము: సున్న.

రెండు ఇళ్లు ఒప్పుకున్నాయి. అడగడానికి వెళ్లినట్టు వెళ్లలేదు, నేర్పడానికి వెళ్లినట్టు వెళ్లాను. అడుక్కోవడం నాకు రాదు. మొదటి ఇంట్లో గోడ పిండితే లీటరున్నర వచ్చింది. ఆ ఇల్లాలు బకెట్లోకి వంగి చూసింది, గోడ వైపు చూసింది, మళ్లీ బకెట్లోకి చూసింది. అప్పటిదాకా నవ్విన మనిషి గుడ్డ ఏ రకందో అడిగింది. నూలుది, రెండుసార్లు ఉతికినది అని చెప్పాను. ఇంత గర్వం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు.

31వ రోజు
తొట్టి: 1110. తూము: సున్న.

నాలుగు ఇళ్లు. మాతో అయిదు. ఇంకొక్కటి కావాలి. మిగతా ఆరింట్లో అయిదు తమ దీపం కూడా పసుపు అవుతుందేమోనని ఒప్పుకోలేదు. ఎంత చెప్పినా వినలేదు. ఇక మిగిలింది పక్కింటి ఫక్కీరమ్మ.

ఆమెకూ నాకూ ఆరేళ్లుగా మాటల్లేవు. వాళ్ల మనవరాలికి పేరు పెట్టినరోజు నలుగురి మధ్య, చెంబు కడగడానికి బిందె పోసే ఇల్లని అన్నాను. అబద్ధం కాదు. కానీ వాళ్ల ఇంట్లో కూర్చుని, వాళ్లు పెట్టిన భోజనం తింటూ అన్నాను. ఇద్దరి మధ్య గోడ ఒకటే. అటువైపు నీళ్లు ధారగా పోసుకున్న చప్పుడు వినపడినప్పుడల్లా నేను పళ్లు కొరికేదాన్ని. ఆమెకూ అది తెలుసు, అందుకే ఇంకో చెంబు పోసేది.

33వ రోజు
తొట్టి: 1130. తూము: సున్న.

వెళ్లాను. ఆ రోజు అన్న మాట తప్పన్నాను. మాట తప్పు కాదు, అన్నచోటు తప్పు అని చెప్పాలనుకుని వెళ్లాను గానీ, గుమ్మంలో ఆమె ముఖం చూశాక మాటే తప్పని చెప్పాను. అలా చెప్పడం ఇంత కష్టమని తెలియదు.

ఫక్కీరమ్మ నా వెనక నిలబడ్డ హంపమ్మ కడుపు వైపు చూసింది.

"నువ్వొచ్చి అడిగినావని కాదు. ఆ పిల్ల మొఖం చూసి ఒప్పుకుంటాండా," అంది. "నాకు మోకాళ్లనొప్పులు. గోడ నేను పిండలేను. మూడు దినాలూ నువ్వే వచ్చి పిండల్ల."

సరేనన్నాను. ఆమె ఇంటి గోడ పిండడానికి నేను. ఇది ఎక్కడైనా జరుగుతుందా?

36వ రోజు
తొట్టి: 1160. తూము: సున్న. ఆరు ఇళ్ల తూములూ సున్న.

ఫక్కీరమ్మ గోడ నుంచి మూడున్నర లీటర్లు వచ్చాయి. నీళ్లు బాగా వాడే ఇల్లు కదా, గోడకు తడి ఎక్కువ. ఆమె బకెట్టు చూసింది. ఇంత నీళ్లు నా గోడ మీదే ఉండెనా అని మెల్లగా అడిగింది. నాకు ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట కూడా ఆదా చేశాను.

38వ రోజు
తొట్టి: 1180. తూము: సున్న, దేవుడి దయవల్ల.

మూడో రోజు. మధ్యాహ్నం పక్కింట్లో దబ్బుమని చప్పుడైంది. నేను పరుగెత్తాను. గిన్నెలు కడిగిన నీళ్ల బకెట్టు ఒరిగిపోయింది. నీళ్లు నేల మీద తూము వైపు పాకుతున్నాయి. ఫక్కీరమ్మ, మోకాళ్లనొప్పుల మనిషి, తూముకు అడ్డంగా నేల మీద కూలబడి, కట్టుకున్న చీర కొంగు తీసి నీళ్ల మీద పరిచింది. అది మామూలు చీర కాదు. ఎరుపంచు పట్టుది, శుక్రవారం అని కట్టుకుంది. నీళ్లన్నీ కొంగు తాగేసింది.

ఇద్దరం చెరో కొస పట్టుకుని చీర బకెట్లోకి పిండాం. పట్టు పాడవుతుంది కదా అన్నాను.

"పోనీలే. నిన్ను చూసి చూసి నాకూ పిచ్చి పట్టింది," అంది ఫక్కీరమ్మ.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి గోడకు పడతాయిలే అనుకున్నాను.

39వ రోజు
తొట్టి: 1190. తూము: సున్న.

పొద్దున పదింటికి బసిరెడ్డి వచ్చాడు. భుజాన పెద్ద పానా, వెంట గొట్టాల్లో పాకే చిన్న యంత్రం. ఏడో వరసలో గొట్టం పగిలిందని పంపకం నిన్న సాయంత్రం కేకలు పెట్టిందట. పాకే యంత్రాన్ని తూముల్లోకి వదిలాడు. అది ఒక కొస నుంచి ఇంకో కొసదాకా పోయి, ఒంటికి చుక్క తడి లేకుండా తిరిగొచ్చింది. గొట్టం ఎక్కడా పగల్లేదు.

అప్పుడు ఆరు ఇళ్లూ తిరిగాడు. ప్రతి ఇంట్లో పొయ్యి మీద అన్నం, మొక్కల్లో నీళ్లు, దండెం మీద నూలుగుడ్డలు. మా ఇంటికి వచ్చి తూము మూత మీద పొత్రం చూశాడు, హంపమ్మను చూశాడు, గోడ చూశాడు. గోడ పిండి చూపించమన్నాడు. పొద్దునే పిండాను, ఇప్పుడు పావు చెంబే వస్తుందన్నాను. అదే పిండాను. అతను ఆ పావు చెంబు అందుకుని చూసి, రాసే పుస్తకం తీశాడు.

"అక్కా, నేను ఏమని రాయల్ల?"

"చూసింది రాయి."

నా ఎదుటే రాసి, చదివి వినిపించాడు: "గొట్టం బాగుంది. ఇళ్లల్లో మనుషులున్నారు. నీళ్లు పోవడం లేదు, ఎందుకంటే వీళ్లు పోనివ్వడం లేదు."

ఆ వాక్యం రాసినందుకు అతనికి ఈ ఇంట్లో ఎప్పుడు వచ్చినా టీ ఉంటుందని చెప్పాను. మా నీళ్లతోనే.

41వ రోజు
తొట్టి: 1210. తూము: సున్న.

గొట్టం కట్టడానికి ఎవరూ రాలేదు. పొద్దున లేచేసరికి గోడపెట్టె మీద తెల్లదీపం. ఇకమీదట ఏడో వరసలో తూము ఎండినా పంపకం ఖాళీ ఇల్లని అనుకోదట, నెలకొకసారి మనిషే వచ్చి చూసి పోతాడట. అయిదో వరస నుంచి ముగ్గురు ఆడవాళ్లు నూలుగుడ్డలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎందుకొచ్చారని అడగలేదు. లోపలికి రమ్మని గోడ చూపించాను. గోడ పిండడం ఎవరు కనిపెట్టారని వాళ్లలో ఒకావిడ అడిగితే ఫక్కీరమ్మ నాకంటే ముందే నా పేరు చెప్పింది.

హంపమ్మ తొట్టి దగ్గరకు వెళ్లి కొలత గాజు మీద పన్నెండు వందల గీత దాటిన నీటిమట్టాన్ని వేలితో తాకింది. చాలాసేపు వేలు తీయలేదు.

46వ రోజు
ఆడపిల్ల. బరువు బాగుంది, గొంతు ఇంకా బాగుంది. తొట్టి చూడడానికి వచ్చినవాళ్లు సంతకం పెట్టి వెళ్లిపోయారు. పిల్ల ఇంటికి వచ్చింది.

స్నానానికి నీళ్లు కాచాను. ఫక్కీరమ్మ కాళ్లు చాపి కూర్చుని పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. ఆ విద్య ఆమెకు బాగా తెలుసు, నాకు పొయ్యడం చేతకాదని అందరికీ తెలుసు. ఆమె కింద బకెట్టు పెట్టబోతే వద్దన్నాను. తూము దగ్గరకు వెళ్లి, పొత్రం పక్కకు జరిపి, మూత తీశాను.

"అత్తా," అంది హంపమ్మ మంచం మీద నుంచి. "మూత తీసినావే?"

"తీసినా. ఇంట్లో ఇంకో మనిషి ఉండాదని పంపకానిక్కూడా తెలియల్ల కదా."

చెంబు నేనే పట్టుకున్నాను. మంచి నీళ్లు, గోరువెచ్చనివి, నిదానంగా పోశాను. పిల్ల ఏడుపు ఆపి నా వైపు చూసింది. నీళ్లు దాని వీపు మీద నుంచి ఫక్కీరమ్మ కాళ్ల మీదకు, అక్కడి నుంచి నేల మీదకు, నేల మీద నుంచి తూములోకి గలగలా పోయాయి. ఆ చప్పుడు విని ఎన్ని రోజులైందో.

తొట్టి: 1258. తూము: రెండు లీటర్లు. కారణం: మనవరాలి మొదటి స్నానం.